ఎర్రగుడ్డ కట్టిన చోటు

మా చెరువు తోకకు ఇప్పుడు గేటు పెట్టారు. చెరువుకు తోక ఏమిటని నగరం వాళ్లు నవ్వుతారు. కట్టకు ఎదురు దిక్కున, వాగు వచ్చి కలిసే చోట నీళ్లు పలచబడి, తుంగ, జమ్ము కమ్ముకుని, నీళ్లో నేలో తెలియకుండా పరుచుకున్న జాగాను మా వాళ్లు తోక అంటారు. శామీర్‌పేటకూ మేడ్చల్‌కూ నడుమ ఉన్న చిన్న చెరువు అది. పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారం మీరూ బయలుదేరతారు.

ఏళ్ల తరబడి కుళ్లీ కుళ్లక పేరుకున్న తుంగ వేర్ల మీద అక్కడ నడవాలి. కాళ్ల కింద నేల మెల్లగా ఊగుతుంది. మట్టి నల్లగా ఉంటుంది, నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. ఎండాకాలంలో చెరువంతా నెర్రెలు బారినా తోకలో చెయ్యి పెడితే తడి తగులుతుంది. ఆ తడిని నమ్ముకునే కొర్రమీను బతుకుతుంది. మా వాడలో కొర్రమట్ట అంటాం. రాష్ట్ర చేప అని గోడల మీద దాని బొమ్మ కూడా వేశారు. బొమ్మ వేసినవాడు దానికి మీసాలు పెట్టాడు.

తొలకరి పడ్డాక కొర్రమీను పిల్లలు పెడుతుంది. కుంకుమ చల్లినట్టు ఎర్రని పిల్లలు, వేలెడు కూడా ఉండవు, గుంపుగా నీటి పైకి వచ్చి బుడబుడమని గాలి పీల్చుకుని మళ్లీ కిందికి పోతాయి. ఆ కిందనే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా, మనిషి కాలు పెట్టినా వచ్చి కరుస్తాయి. ఆకలితో కాదు, కోపంతో. పిల్లలు నల్లబడి ఎటువి అటు చెదిరిపోయేదాకా అవి సరిగా తిండి కూడా తినవు. అంత కోపం మీదున్న చేపను పట్టడం కంటే సులువైన పని ఇంకోటి లేదు. పిల్లల మీదుగా గాలం గుంజితే చాలు, అదే వచ్చి అందుకుంటుంది.

అంత సులువు కాబట్టే మా వాళ్లు దానికి ఒక అడ్డు పెట్టుకున్నారు. పిల్లల గుంపును ముందుగా చూసినవాళ్లు వాడకు వచ్చి, పాలు తాగే బిడ్డ ఉన్న ఇంటికి పోయి, ఆ తల్లి పాత ఎర్ర చీర అంచు అడిగి తెచ్చుకోవాలి. ఒక కర్రకు దాన్ని కట్టి గుంపు పక్కన బురదలో పాతాలి. ఇక ఆ కర్ర చుట్టుపక్కల వల పడదు, బుట్ట పడదు. బర్రెలను కూడా అటు దిగనిచ్చేవాళ్లు కాదు. గుడ్డ అడిగితే లేదనే ఇల్లు లేదు. మా తమ్ముడు పుట్టిన ఏడు అమ్మ పెళ్లినాటి చీర అంచు కూడా అలాగే చింపి ఇచ్చింది, పైగా తన గుడ్డ కిందే పిల్లలు ఎక్కువ బతికాయని గొప్పలు చెప్పుకునేది.

చిన్నప్పుడు నేను బాపును అడిగాను, గుడ్డ కట్టిన చోట ఎవరైనా చేప పడితే ఏం చేస్తారని. థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వల చిక్కులు తీసుకుంటున్నాడు. తలెత్తి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"గుడ్డ కట్టినంక ఎట్ల పడతరే?" అన్నాడు.

అంతే. జరిమానా లేదు, పంచాయితీ లేదు. ఎవరూ దాటలేదు కాబట్టి దాటినవాళ్లను ఏం చేయాలో మా వాడలో ఎవరూ ఆలోచించి పెట్టుకోలేదు.

నేను పెళ్లి చేసుకుని గాజులరామారం వచ్చాను. తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీ క్యాంటీన్లో వంట చేస్తాను. కంపెనీ బస్సు పొద్దున తీసుకుపోయి సాయంత్రం దింపుతుంది. మా అక్క మాత్రం వాడలోని సంబంధమే చేసుకుని అక్కడే ఉండిపోయింది. బావకు నడుము పట్టేసి నీళ్లలో దిగడం మానేశాక తోకలో బుట్టలు పెట్టడం, మేడ్చల్ రోడ్డు పక్కన కూర్చుని చేపలు అమ్మడం అన్నీ ఆమే. ప్రతి వానాకాలం గుడ్డలు కట్టేది కూడా ఎక్కువగా ఆమే. నాకంటే నెమ్మది మనిషి. ఎవరేం చెప్పినా మంచికే చెప్పి ఉంటారనుకుంటుంది. ఈ గుణం నాకు ఎన్నడూ నచ్చలేదు.

కొన్నేళ్ల కింద తోకను రక్షిత స్థలం చేశారు. అబద్ధం ఎందుకు, మేమూ సంతోషించాం. చుట్టూ వెంచర్లు పడి, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలోకి కూడా హద్దురాళ్లు నడిచి వస్తున్న రోజులవి. ఇదొక్కటైనా మిగిలిందనుకున్నాం. తర్వాత కంచె వేశారు. కంచె ఎటువైపు? మా వాడ వైపు. రోడ్డు వైపు మాత్రం నడవడానికి బాట, కూర్చోవడానికి బెంచీలు, పక్షుల బొమ్మలున్న బోర్డులు. మా వాళ్లు లోపల బుట్ట పెడితే నేరం. బాట మీద నడిచేవాళ్లకు టికెట్ ఉంటే చాలు, వాళ్ల సంచుల్లో ఏముందని అడిగే నాథుడు లేడు.

వాటితో పాటు ఒక మేడం వచ్చింది. జంతువులనూ మొక్కలనూ కాపాడే సంఘమేదో నడుపుతుంది. చెడ్డది కాదు. చెడ్డదైతే రెండు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. మోకాళ్ల దాకా బురదలో దిగేది, మా వాడలో చాయ్ తాగేది, నీటికోడి గూడు కనబడితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. ఆమె చెప్పిన సంగతే మా అక్కను పట్టుకుంది. వానాకాలం పోయే ముందు సర్కారు పెద్ద సార్లు వచ్చి చూస్తారట. తోకలో కొర్రమీను పిల్లలు పెడుతున్నట్టు తేలితే రక్షణ ఉంటుంది. లేకపోతే జమ్మంతా పీకేసి బోటింగు పార్కు చేస్తారట. ఆ రోజు నుంచి అక్కకు వేరే ధ్యాస లేదు. ఈ ఏడాది పిల్లలు నల్లబడేదాకా బతకాలి, తోక తోకలాగే ఉండాలి. దేవునికి మొక్కినా అదే మొక్కేది.

మేడంకు గుడ్డ సంగతి అక్కే చెప్పింది. విని మేడం కళ్లనీళ్లు పెట్టుకుందట. ఇంత మంచి పద్ధతి లోకానికి తెలియాలి అందట. నెల తిరిగేసరికి మిషన్ మీద కుట్టిన ఎర్రజెండాలు వచ్చాయి. ఒక్కోదానికి ఒక నంబరు. ఏ జెండా ఎక్కడుందో ఫోన్లో చూసుకునేలా మ్యాపు చేశారు. అక్కకు చేతుల్లేని ఆకుపచ్చ కోటు ఇచ్చి, గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసి, కాపలా పని ఇచ్చారు. ఎర్రజెండా పట్టుకుని నవ్వుతున్న అక్క ఫోటో మా క్యాంటీన్లో వడ్డించే పిల్ల ఫోన్లో కూడా కనబడింది. "మీ అక్క మస్తు ఫేమస్ అయింది" అన్నది.

ఆ వారమే పోయి అక్కను నిలదీశాను.

"గుడ్డ బాలింత ఇంట్లకెళ్లి తేవాలె గదనే. గీ మిషిను జెండాలేంది?"

"గుడ్డ యాడికెళ్లి వచ్చిందో చేపకు తెలుస్తదా?" అన్నది అక్క, కోటు గుండీలు సర్దుకుంటూ. "సూసి ఆగేది మనిషి. మన గుడ్డ దగ్గరికొస్తె గాని కనబడకపోవు. ఇది దూరంకెళ్లే కనబడుతది. ఇంకింత మంచిగ ఆగుతరు."

"ఎవరు ఆగుతరు?"

"ఎవరైతేంది? గుడ్డ సూసినంక ఎవరన్న దిగుతరా?"

అచ్చం బాపు గొంతే. నిజం చెప్పాలంటే ఆ కోటులో ఆమె నిటారుగా నిలబడడం చూస్తే ఇంకేం అనబుద్ధి కాలేదు. రోడ్డు పక్క గోనెసంచి మీద కూర్చుని ఈగలు తోలుకుంటూ బతికిన మనిషి. సార్లు వచ్చి అమ్మా అని పిలుస్తుంటే ఎవరికి మాత్రం సంబరంగా ఉండదు?

తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం పొద్దున నేను బియ్యం ఏరుకుంటుంటే మా ఎదురింటి తమ్ముడు వచ్చాడు. జీడిమెట్లలో ఏదో కంపెనీలో పని చేస్తాడు. మా గల్లీలో ఎవరికి జ్వరం వచ్చినా ముందుగా బండి తీసేది అతనే. చేతిలో తడి సంచి. అందులోంచి కొర్రమీనును తీసి నా ముందున్న బేసిన్లో వేశాడు. మూర కంటే పొడుగే ఉంది.

"అక్కా, నువ్వు చెరువెంబడి పుట్టినదానివి. గీ చేప నువ్వు పులుసు పెడితెనే దానికి ఇజ్జత్. నాకొక గిన్నె పంపు, సాలు" అన్నాడు.

చేపను తిప్పి చూశాను. తల పెద్దది, పొట్ట మాత్రం లోపలికి పీక్కుపోయి ఉంది. దవడ దగ్గర గాలం చీల్చిన గాయం.

"యాడిది తమ్మీ?"

"మీ ఊరి చెరువేనక్కా! గాడ ఎర్రజెండాలు పాతిన్రు సూడు. ఫోన్ల మ్యాపు గూడ ఉన్నది. ఇంతకుముందు పొద్దంత తిరిగినా ఒక్కటి తగలకపోయేది. ఇప్పుడు బాట మీద నిలబడి జెండా మీదికెళ్లి గుంజుడే. మా దోస్తులందరు గాడికే వస్తున్నరు. జల్దీ అయిపోతాంది పని."

"ఎర్రజెండా అంటే ఆగమని గదనయ్యా!"

"గది రైలుకు గదక్కా" అని నవ్వాడు.

అతని నవ్వులో కల్మషం లేదు. అదే నన్ను మండించింది. నోటికి వచ్చినట్టు తిట్టాను. ఇది పిల్లల తల్లి అని, దీన్ని పడితే కింద పిల్లలన్నీ పోతాయని, మా వాడలో పుట్టినోడెవడూ ఈ పాపం చేయలేదని. అతని మొహం చిన్నబోయింది. "తెలిస్తె పడతనా అక్కా?" అన్నాడు. చేపను సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. నేను కూడా పాపం తెలియక చేశాడులే అనుకున్నాను. తరువాతి ఆదివారం గాలం సంచి భుజానికేసుకుని మళ్లీ పోయాడు. నా గుమ్మం ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి పోయాడు, అంతే తేడా.

చేప తెచ్చిన మరునాడే తుర్కపల్లి నుంచి వచ్చే బస్సును ఆపించి మా ఊరి మలుపు దగ్గర దిగాను. అక్క గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. సంగతి చెబితే నమ్మలేదు. పొద్దున తాను వచ్చేసరికి జెండాలన్నీ నిటారుగా ఉన్నాయి, ఒక్కటి కూడా కదలలేదు అన్నది. నువ్వు రాకముందే, చీకటి విడుతుండగానే వచ్చి పోతున్నారే అన్నాను. లేచి నా ముందు నడిచింది.

నిజమే, జెండాలు నిటారుగానే ఉన్నాయి. మొదటి జెండా దగ్గర పిల్లల గుంపు నీటి మీద దిక్కు లేకుండా చెదిరి తిరుగుతోంది. తెల్లకొంగలు చుట్టూ చేరి, తొందరేం లేనట్టు ఒక్కొక్కదాన్ని ఏరుకుంటున్నాయి. మేము వస్తే నాలుగడుగులు పక్కకు జరిగాయి గాని ఎగరలేదు.

అక్క చీర పైకి దోపుకుని నీళ్లలో దిగింది. తిన్నగా ఆ ఎర్రటి గుంపు నడుమకు పోయి నిలబడింది. చిన్నప్పుడు ఇద్దరం తెలియక ఇలాంటి చోట దిగి, పిక్క మీద కొర్రమీను కాటు తిని ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాం. అక్క కాలు కదిపింది. నీళ్లు కలబెట్టింది. ఏదీ వచ్చి కరవలేదు. పక్క జెండా దగ్గరికి పోయింది. అక్కడా కరవలేదు. చీకటి పడుతున్నా ఒక్కో జెండా దగ్గరికీ పోయి అట్లాగే నిలబడింది. బాట మీద నుంచి గాలం అందని దూరాన, జమ్ము లోపల ఉన్న ఒక్క జెండా దగ్గర మాత్రం 'అబ్బా' అని కాలు వెనక్కి తీసింది. పిక్క మీద రక్తం కనబడింది. అది చూసి మా అక్క ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

బయటికి వస్తూ వస్తూ జెండాలన్నీ పీకి ఒడ్డున కుప్ప వేసింది. మేడంకు ఫోన్ చేసింది. మేడం కారేసుకుని వచ్చేసింది. అంతా విని గట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె బాధపడలేదని నేను చెప్పను. మ్యాపు తీసేయిస్తాను అన్నది, తీయించింది కూడా. అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పాకిందో ఎవరికి తెలుసు? కాసేపటికి కళ్లు తుడుచుకుని అసలు మాట చెప్పింది.

"ఈ వారంలోనే పెద్ద సార్లు వస్తున్నారమ్మా. జెండాలు లేకపోతే ఇక్కడ చేప లేదని రాసేస్తారు. తోక పోతుంది. మళ్లీ పాతండి. ఒక్క వారమే."

"కింద చేప లేకున్నా పాతాల్నా?" అన్నాను నేను.

మేడం నా వైపు చూడలేదు. అక్క వైపు చూసింది. బోటింగు పార్కు వస్తే జమ్ము ఉండదు, లోపల మిగిలిన ఆ ఒక్క జంట కూడా ఉండదు. అక్క కుప్పలోంచి జెండాలు ఒక్కొక్కటే ఏరుకుని నీళ్లలోకి దిగింది. నేను సాయం చేయలేదు. చేయబుద్ధి కాలేదు.

సార్లు వచ్చారు. బాట మీదనే నిలబడి దుర్భిణీలు పెట్టి చూశారు. ఎర్రజెండాలు ఎక్కడివక్కడ ఉన్నాయి. నీళ్ల మీద చెదిరిన పిల్లలు ఇంకా కొన్ని కనబడుతూనే ఉన్నాయి. స్థానికుల సహకారంతో ఇంత బాగా కాపాడుకున్నారని మెచ్చుకుని, అక్కకు శాలువా కప్పి, ఫోటోలు దిగి పోయారు. రక్షణ కొనసాగింది. ఆ సంబరమంతా మా వాడవాళ్లు కంచె ఇవతల నిలబడి చూశారు. ఏ జెండా కింద ఏముందో వాళ్లకు అప్పటికే తెలుసు. తల్లులు లేని గుంపులను వాళ్లూ చూశారు, శాలువా కప్పుకున్న అక్కను కూడా చూశారు.

అక్క తన సెలవు రోజుల్లో మేడ్చల్ రోడ్డు పక్కన చేపలు అమ్మడం మానలేదు. తోకలో బుట్ట లేదు కాబట్టి కట్ట అవతల నుంచి రవ్వ చేపలో బొచ్చె చేపలో తెచ్చుకునేది. ఆ తరువాతి వారం నాకూ సెలవే, తోడుగా పోయాను. మా వాడ ఆడవాళ్లంతా వరుసగా కూర్చుని ఉన్నారు. అక్క ఎప్పుడూ కూర్చునే చోట ఎవరివో రెండు తట్టలు పెట్టి ఉన్నాయి. జరుపుతారేమోనని నిలబడింది. ఎవరూ జరపలేదు. ఎవరూ తలెత్తలేదు కూడా. అక్క గోనెసంచి చేతిలో పట్టుకుని వరుస చివరికి పోయింది. చివర ఉన్నామె మెల్లగా తన తట్టను అటు జరిపి ఆ జాగా కూడా నింపేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "చేపలు పట్టింది మా అక్కనా? దొంగలను పట్టుకోవడం చాతగాదు గని దీని మీద పడ్డరా?" అని అరిచాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. తిడితే బాగుండేది. వరుసలో అందరికంటే పెద్దామె, అక్క కాన్పు దగ్గరుండి చేసిన అవ్వ, చేతులు తుడుచుకుని లేచింది. అక్క గడ్డం పట్టుకుంది.

"ఇగ నువ్వు గవర్నమెంటుదానివి బిడ్డా. మాతోని నేల మీద కూసుంటె నీకే మంచిగుండదు" అన్నది. సొంత బిడ్డకు చెప్పినంత ప్రేమగా.

గాలం వేసినవాళ్లు ఎవరో మా వాడవాళ్లకు తెలియదు. తెలిసినా వాళ్లను వరుసలోంచి లేపడానికి వాళ్లు ఆ వరుసలో కూర్చునేవాళ్లు కాదు. చేతికి అందింది మా అక్క ఒక్కతే. ఆ ఏడు నుంచి వాడలో ఎవరూ గుడ్డ కట్టడం లేదు. కొర్రమీను పిల్లలు కనబడితే నోరు మూసుకుని వస్తారు. కొందరు నోరు మూసుకుని వల కూడా వేస్తున్నారని విన్నాను. ఏ మొహం పెట్టుకుని అడగాలి?

ఇప్పుడు అక్కకు సెలవు రోజున కూడా పోవడానికి చోటు లేదు. రోజూ ఆకుపచ్చ కోటు వేసుకుని గేటు దగ్గరి ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంటుంది. పిల్లాపాపలతో వచ్చినవాళ్లు టికెట్ చూపించి, "అమ్మా, లోపల కొర్రమీన్లు ఉన్నయా?" అని అడుగుతారు. "ఉన్నయి సారూ" అంటుంది. అలా చెప్పమన్నారు. "ఏ దిక్కున?" అని అడిగితే మాత్రం పలకదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తోక వైపు కన్ను కూడా తిప్పకుండా, వాళ్లు విసుక్కుని వెళ్లిపోయేదాకా అట్లాగే కూర్చుంటుంది.